కమాను వెంట్రుకలు మన ఊళ్లోనే మార్చుకోవచ్చు

సంపాదకులకు నమస్కారం.

సంగీతం నేర్చుకునే పిల్లల గురించి వరంగల్ జిల్లా పేజీలో ఇటీవల ఒక వ్యాసం వేశారు. అందులో వయొలిన్ కమాను, అంటే గుర్రపు తోక వెంట్రుకలు కట్టి తీగల మీద లాగే కర్ర, ప్రస్తావన వచ్చింది. గుర్రపు వెంట్రుకకు రంపం పళ్లలాంటి పొలుసులుంటాయని, అవి తీగను గీరడం వల్లే నాదం పుడుతుందని, పళ్లు అరిగిపోయాక కమాను మార్చేయాలని రాశారు. వినడానికి బాగానే ఉంది. సంగీతం మాస్టార్లు కూడా చాలామంది ఇదే చెబుతారు. కానీ ఆ మాట నమ్మినవాళ్లు కర్ర నిక్షేపంగా ఉన్న కమాన్లను అటకెక్కించి, అంతకన్నా నాసిరకం కొత్తవి కొంటున్నారు. వాద్యాల మరమ్మతు చేసేవాళ్లుగా ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పొలుసులు ఉన్నమాట నిజం. మన తలవెంట్రుకకూ ఉన్నాయి. అయితే వాటి ఎత్తు ఒక మైక్రాన్ లోపే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. గుర్రపు వెంట్రుక మందం మిల్లీమీటరులో ఆరేడో వంతు. అంత సన్నని పొలుసు వయొలిన్ తీగను పట్టి లాగడం జరగని పని. అనుమానం ఉంటే కొత్తగా వెంట్రుకలు ఎక్కించిన కమానును రోజిన్ అనే జిగురు ముద్ద రాయకుండా తీగ మీద లాగి చూడండి. సుయ్యిమని గాలి చప్పుడు తప్ప స్వరం రాదు. పళ్లే పని చేసేవైతే కొత్త వెంట్రుక అన్నిటికన్నా గట్టిగా పలకాలి కదా!

పలికించేది రోజిన్. పైన్ జాతి చెట్ల జిగురు నుంచి టర్పెంటైన్ తీసేశాక మిగిలే గాజులాంటి ముద్ద అది. వెంట్రుక మీద సన్నని పొడిగా అంటుకుంటుంది. కమాను కదిలేటప్పుడు ఆ పొర తీగను పట్టుకుని కొంచెం పక్కకు లాగుతుంది. లాగుడు ఎక్కువవగానే తీగ జారి వెనక్కి పోతుంది. వెంటనే మళ్లీ దొరుకుతుంది. తీగ సెకనుకు 300 సార్లు కంపిస్తుంటే ఈ పట్టడం, వదలడం కూడా 300 సార్లు జరుగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే తీగ ఇలా కదలడాన్ని గమనించి వివరించాడు. ఇందులో వెంట్రుక చేసే పని రోజిన్‌ను నిలుపుకోవడం, లాగితే కొద్దిగా సాగి మళ్లీ యథాస్థితికి రావడం. ఈ రెండు గుణాల్లో ఏది పోయినా వెంట్రుక మార్చాలి. సాగిపోయి తిరిగి బిగువు రాకపోయినా, చెమట, నూనె పట్టి రోజిన్ నిలవకపోయినా, ఒక పక్క తెగి పలచబడినా అది పనికిరాదు. రోజుకో గంట సాధన చేసే విద్యార్థికి ఏడాదికోసారి మారిస్తే సరిపోతుంది. కచేరీలు చేసేవాళ్లు ఆరు నెలలకే మారుస్తారు.

మన దగ్గర మాత్రం వాయించడం వల్ల పాడయ్యే వెంట్రుకల కన్నా వాతావరణం వల్ల, పెట్టెలో పెట్టే తీరు వల్ల పాడయ్యేవే ఎక్కువ. వ్యాసంలో అసలు రావలసిన సంగతి ఇదే.

వెంట్రుక గాలిలోని తేమను పీల్చి పొడుగవుతుంది, ఎండితే కురచవుతుంది. 1783లో స్విట్జర్లాండ్‌కు చెందిన సొస్యూర్ తేమను కొలవడానికి చేసిన పరికరంలో వాడింది మనిషి వెంట్రుకనే. బాగా ఎండిన గాలి నుంచి బాగా తడిసిన గాలికి వచ్చేసరికి అది రెండు శాతానికి పైగా సాగుతుంది. గుర్రపు తోక వెంట్రుక కూడా తయారైంది అదే కెరాటిన్ అనే ప్రొటీన్‌తోనే. వయొలిన్ కమానులో వాయించే పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. ఒక్క శాతం సాగినా ఆరున్నర మిల్లీమీటర్లు. కమాను చివరి మర తిప్పి బిగించే మొత్తం ఆట కొద్ది మిల్లీమీటర్లే. వరంగల్‌లో మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు గాలిలో తేమ ఉండదు. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టిందంటే గోడలే చెమ్మగిల్లుతాయి. వానకాలంలో మర చివరిదాకా తిప్పినా కమాను బిగియడం లేదని తెచ్చేవాళ్లు, ఎండకాలంలో మర పూర్తిగా వదిలినా వెంట్రుక బిర్రుగానే ఉందని తెచ్చేవాళ్లు ఇద్దరూ పట్టుకొచ్చేది ఒకే జబ్బు.

రెండింటిలో ఎండకాలం జబ్బు ప్రమాదం. బిర్రుగా ఉన్న వెంట్రుక రాత్రింబవళ్లు కర్రను లాగుతూనే ఉంటుంది. కమాను కర్ర లోపలికి ఒంపు తిరిగి ఉంటుంది, ఆ ఒంపే దాని బలం. వారాల తరబడి లాగుడు పడితే ఒంపు తగ్గి కర్ర చచ్చుబడుతుంది. కొన్నిసార్లు కొన భాగం పుటుక్కున విరుగుతుంది. కొన విరిగిన కమానును అతికించి మునుపటిలా వాడటం కష్టం. ఎయిర్ కూలర్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు. కూలర్ నడిచేంతసేపు గదిలో తేమ, ఆపగానే పొడి. కూలర్ ఎదురుగా కూర్చుని సాధన చేసి, బిగించిన కమానును అలాగే పెట్టెలో పెడితే మధ్యాహ్నానికి వెంట్రుక కుంచించుకుపోయి కర్ర మీద భారమంతా వేస్తుంది. అందుకే వాయించడం అయిన ప్రతిసారీ మర వదలాలి. వెంట్రుకలు చెల్లాచెదురయ్యేంత వదలక్కర్లేదు, కర్ర తన ఒంపుకు వచ్చి వెంట్రుక కాస్త వదులుగా వేలాడితే చాలు. వాయించేటప్పుడు కూడా కర్రకూ వెంట్రుకకూ మధ్య నడిమిభాగంలో పెన్సిల్ పట్టేంత సందు మించకూడదు. కర్ర తిన్నగా అయ్యేదాకా బిగించే పిల్లలున్నారు. నాదం పెరగదు, కర్ర పోతుంది.

ఇక పెట్టెలో పురుగు. నెలల తరబడి మూత తీయని పెట్టె తెరిచి చూస్తే కమాను వెంట్రుకలు సగం తెగి పడి ఉంటాయి. చాలామంది ఎలుక పని అనుకుంటారు. ఉన్ని, పట్టు, వెంట్రుక తినే చిన్న పెంకు పురుగుల పిల్లపురుగులు చేసే పని అది. పెట్టె మూలల్లో, గుడ్డ అతుకుల దగ్గర గోధుమరంగు పొట్టులాంటిది కనిపిస్తే అదే ఆనవాలు. చీకటి, కదలిక లేకపోవడం వాటికి కావాలి. రోజూ తెరిచే పెట్టెలో చేరవు. పట్టిన పెట్టెను ఖాళీ చేసి, వ్యాక్యూమ్‌తో గానీ గట్టి బ్రష్షుతో గానీ మూలమూలా దులిపి, రెండు రోజులు ఎండలో తెరిచి పెట్టాలి. పెట్టెను మాత్రమే. వయొలిన్‌ను ఎండలో పెడితే అతుకుల సరేసు మెత్తబడి పలకలు ఊడతాయి. తెగిన వెంట్రుకలను తీసి పారేసి కొత్తవి ఎక్కించాలి. పచ్చి వేపాకు పెట్టడం కొందరి అలవాటు. ఆకులోని చెమ్మ పెట్టెలో చేరుతుంది తప్ప మేలేమీ కనిపించలేదు.

వెంట్రుకల సంగతికి వద్దాం. ఒక వయొలిన్ కమానుకు 150 నుంచి 200 వరకు పడతాయి. బరువు చూస్తే నాలుగు గ్రాముల చిల్లర. కమాను మొత్తం బరువే 60 గ్రాములు కాబట్టి ఒక గ్రాము తేడా వచ్చినా చేతికి తెలుస్తుంది. కట్ట పొడవు కనీసం 80 సెంటీమీటర్లు ఉండాలి, రెండు చివర్లా ముడులకు పోతుంది కదా. మంచి కట్టలు మంగోలియా, సైబీరియా, చైనా ఉత్తర ప్రాంతాల నుంచి వస్తాయి. చలి దేశపు గుర్రాలకు తోక వెంట్రుక దట్టంగా, గట్టిగా ఉంటుందని పనివాళ్ల నమ్మకం. మగ గుర్రం తోకే కావాలంటారు, ఆడగుర్రం తోక మూత్రంతో తడిసి పాడవుతుందని. తెల్లవి వయొలిన్‌కు, ముతకగా ఉండే నల్లవి ఎక్కువగా డబుల్ బేస్ లాంటి పెద్ద వాద్యాలకు వాడతారు. మరీ పాలరంగులో మెరిసే కట్ట కనిపిస్తే మోజుపడొద్దు. రంగు కోసం రసాయనాలతో గట్టిగా తెల్లబరిచిన వెంట్రుక పెళుసెక్కి త్వరగా తెగుతుంది. లేత గడ్డిరంగు ఉన్నదే మేలు.

వ్యాసంలో ఇంకో మాట ఉంది, గుర్రానికి ఏ బాధా లేకుండా తోక కత్తిరించి తెస్తారని. అంత తేలిగ్గా చెప్పలేం. మార్కెట్‌కు వచ్చే వెంట్రుకలో పెద్ద భాగం మాంసం కోసం కోసిన గుర్రాల నుంచి వచ్చేదే. వెంట్రుక కోసమే గుర్రాన్ని చంపరన్నది నిజం. ఆ పైన ఎవరి మనసాక్షి వారిది. వద్దనుకునేవాళ్లకు నైలాన్ లాంటి కృత్రిమ వెంట్రుకలు ఉన్నాయి. తేమకు అవి ఇంతగా స్పందించవు, పురుగు తినదు. కానీ చిన్నపిల్లల చవక కమాన్లకు వచ్చే నైలాన్ నున్నగా ఉండి రోజిన్‌ను నిలుపుకోదు. గమకం కోసం కమానును నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో లాగే మన సంగీతంలో ఆ లోటు బాగా తెలుస్తుంది. స్వరం మధ్యలో జారిపోతుంది.

మన బరాత్ గుర్రాల తోక పనికిరాదా అని అడుగుతుంటారు. పనికిరాదని కాదు. 80 సెంటీమీటర్ల పొడవు, మొదలు నుంచి చివరిదాకా ఒకే మందం, మెలిక లేకుండా తిన్నగా ఉన్న వెంట్రుకలు ఏరాలి. ఒక్కో వెంట్రుకను వెలుతురుకు పట్టి చూసి ఏరితే తోకలో చాలావరకు పక్కకు పోతుంది. పైగా పెళ్లిళ్ల సీజన్‌లో ఆ తోకలకు రంగులు, నూనెలు పట్టిస్తారు. నూనె దిగిన వెంట్రుకను ఎంత కడిగినా రోజిన్ సరిగా పట్టదు. ఆదిలాబాద్ వైపు పర్ధాన్లు, తోటీలు గోండుల కథలు చెబుతూ వాయించే కిక్రి కమానుకు గుర్రపు వెంట్రుకే కడతారు. దానికి ఇంత ఏరివేత అక్కర్లేదు, ఆ వాద్యం గొంతుకు కొంత గరుకుదనమే అందం. వయొలిన్ ఆ గరుకును సహించదు.

మార్చే పని ఎలా ఉంటుందో చెబుతాం. చదివాక ఇది ఏ దూరదేశపు విద్యా కాదని మీకే తెలుస్తుంది. చేయి తిరిగిన వడ్ల పని అంతే.

ముందు మర పూర్తిగా విప్పి, చేత్తో పట్టుకునే చోట ఉండే నల్లచెక్క ముక్కను, అంటే ఫ్రాగ్‌ను, కర్ర నుంచి వేరు చేయాలి. వెంట్రుకను కత్తిరించాలి. ఫ్రాగ్ ముందు డి ఆకారంలో లోహపు ఉంగరం ఉంటుంది. అందులో వెంట్రుకను పట్టీలా పరిచి ఉంచే చిన్న చెక్క చీలను తీస్తే ఉంగరం జారుతుంది. తరువాత ముత్యపు చిప్ప పలకను వెనక్కి జరిపి, కింద గుంతలో ఉన్న చెక్క బిరడాను సన్నని ఉలితో పెకిలించాలి. కొన దగ్గరా ఇలాంటి గుంతే, ఇలాంటి బిరడాయే. చవకగా ఫ్యాక్టరీలో చేసిన కమాన్లలో ఈ బిరడాలను జిగురుతో అతికించేస్తారు. వాటిని ముక్కలుగా చెక్కి తీయాల్సి వస్తుంది. తొందరపడితే కొన గుంత గోడ చీలుతుంది. ఆ గోడ మందం కొద్ది మిల్లీమీటర్లే.

కొత్త కట్ట ఒక చివర మైనం పట్టించిన నూలు దారంతో గానీ పట్టు దారంతో గానీ నాలుగైదు చుట్లు గట్టిగా చుట్టి ముడి వేయాలి. దారం దాటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వెంట్రుక బయట ఉండాలి. ఆ కొసను దంచిన రోజిన్ పొడిలో అద్ది స్పిరిట్ దీపం మంటకు చూపిస్తే వెంట్రుకల కొసలు పొంగి బుడిపెలా ముడుచుకుంటాయి, కరిగిన రోజిన్ వాటిని కలిపి పట్టుకుంటుంది. ఇక ముడిలోంచి ఒక్క వెంట్రుకా జారదు. ఇక్కడ రెండు తప్పులు తరచూ జరుగుతాయి. కుట్టుమిషన్ పాలియెస్టర్ దారం వాడితే మంటకు అదే కరిగిపోతుంది. మంట ఒక్క క్షణం ఎక్కువైతే దారం లోపలి వెంట్రుక కూడా మాడి, నెల తిరక్కుండానే ముడి దగ్గర గుత్తులుగా తెగుతుంది.

ముడిని కొన గుంతలో దించి, గుంతకు సరిపోయేలా చెక్కిన బిరడాను నొక్కి, వెంట్రుకను ఆ బిరడా మీదుగా వెనక్కి మడిచి ఫ్రాగ్ వైపు తేవాలి. బిరడాకు జిగురు పెట్టకూడదు. గుంత గోడల వాలు, వెంట్రుక లాగుడు కలిసి దాన్ని లోపలికే బిగిస్తాయి. చెక్క ఎంపికలో జాగ్రత్త కావాలి. విదేశాల్లో మేపుల్, లైమ్ చెక్క వాడతారు. టేకు లాంటి గట్టి చెక్కను బిర్రుగా దించితే కొన పగులుతుంది. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్కకు చెక్కుడు సుఖమే, కానీ నలిగిపోయి ముడిని వదిలేస్తుంది. రెండింటికీ మధ్యరకం, గీత తిన్నగా ఉన్న ఏ చెక్కయినా సరే.

తరువాత దువ్వడం. పనిలో సగం కాలం దీనికే పోతుంది. వెంట్రుకను తడిపి, సన్న పళ్ల లోహపు దువ్వెనతో కొన నుంచి చివరిదాకా అడ్డదిడ్డం లేకుండా దువ్వాలి. ఇంట్లో వాడే పేన్ల దువ్వెన దీనికి బాగా పనికొస్తుంది, ప్లాస్టిక్‌ది వద్దు. కొత్తవాడ జంపఖానా మగ్గం మీద పడుగు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒక్క పోగు పక్కదాని మీదికి ఎక్కినా ఆ తప్పు చివరిదాకా నడుస్తుంది. కొన దగ్గర కుడి అంచున ఉన్న వెంట్రుక ఫ్రాగ్ దగ్గరా కుడి అంచునే ఉండాలి. మధ్యలో దాటితే ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు వస్తుంది. అప్పుడు బిగించినప్పుడల్లా కర్ర ఒక వైపు మెలితిరుగుతుంది.

కొలత తీసి రెండో ముడి వేయడమే అసలు పనితనం. ఫ్రాగ్‌ను ముందుకు పూర్తిగా జరిపి, అక్కడి నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల వెనుక పెట్టి, వెంట్రుక కాస్త వదులుగా ఉండేలా ముడి పడాలి. పొడుగైతే ఫ్రాగ్ వెనక్కి జరిగిపోయి కమాను తూకం మారుతుంది, వానకాలంలో మరకు ఆట మిగలదు. కురచైతే వదలడానికే వీలుండదు, ఎండకాలంలో కర్ర బలి. అందుకని కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ముసురులో చేసే కమానుకు వెంట్రుక ఇప్పటికే సాగి ఉంటుంది, ఎండకాలానికి కురచవుతుంది, కాబట్టి కాస్త పొడుగు వదలాలి. ఏప్రిల్‌లో చేసేదానికి ఒక పిసరు కురచగా కట్టాలి. విద్యార్థులైతే బతుకమ్మ, దసరా అయ్యాక అక్టోబరు, నవంబరుల్లో మార్పించుకోవడం తెలివైన పని. గాలిలో తేమ మధ్యస్థంగా ఉంటుంది, పుష్యమాసపు త్యాగరాజ ఆరాధనల నాటికి వెంట్రుక సర్దుకుంటుంది.

రెండో ముడిని ఫ్రాగ్ గుంతలో దించి, బిరడా బిగించి, చిప్ప పలక జరిపి, వెంట్రుకకు ముందే తొడిగి ఉంచిన ఉంగరాన్ని ఎక్కించి, వెంట్రుకను సమంగా పరిచి చెక్క చీల దూర్చాలి. చీల వెడల్పు ఉంగరం లోపలి వెడల్పుకు సరిగ్గా సరిపోవాలి. ఇరుకైతే వెంట్రుక మధ్యకు గుంపవుతుంది, మరీ లావైతే ఉంగరం అతుకు విచ్చుకుంటుంది. విచ్చుకున్న ఉంగరాన్ని పారేయాల్సిన పనిలేదు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ లాంటి సన్నపని చేసే అవుసులాయన పదినిమిషాల్లో అతుకుతాడు. ఫ్రాగ్ నుంచి ఉంగరాన్ని తీసి ఇవ్వడం మరిచిపోవద్దు, లేకపోతే చెక్క కాలుతుంది. మర బిగించి చూసి, ఎక్కడైనా వెంట్రుకలు వదులుగా కనిపిస్తే అక్కడ మాత్రం స్పిరిట్ దీపం మంటను కింద నుంచి చకచకా ఆడిస్తే అవి కుంచించుకుని మిగతావాటితో కలుస్తాయి. నీడలో రెండు మూడు గంటలు ఆరనివ్వాలి. హెయిర్ డ్రయ్యర్ ముట్టుకోవద్దు.

కొత్త వెంట్రుకకు మొదటిసారి రోజిన్ బాగా పట్టించాలి, దంచిన పొడితో మొదలుపెడితే త్వరగా అవుతుంది. ఆ తరువాత రోజుకు మూడు నాలుగు సార్లు ముద్ద మీద లాగితే చాలు. కొత్త ముద్ద పైపొర గాజులా జారుతుంటే సన్న ఉప్పుకాగితంతో ఒకసారి గీకండి. తీగల కింద తెల్లటి పొడి పేరుకుంటోందంటే ఎక్కువ రాస్తున్నట్టే. ముదురు రంగు రోజిన్ మెత్తన, లేత రంగుది గట్టి. మన ఎండలకు గట్టిదే నయం. మే నెలలో ఎండలో నిలిపిన కారులో రోజిన్ వదిలితే మెత్తబడి ఆకారం పోతుంది.

వెంట్రుకను వేళ్లతో తాకొద్దు. గమకాల కోసం ఎడమ చేతి వేళ్లకు కొబ్బరినూనె రాసుకునే అలవాటున్నవాళ్లు ఆ చేత్తో కమాను పట్టుకుంటే ఆ మచ్చ దగ్గర స్వరం జారుతుంది. అలాంటి మచ్చను నూనె కలవని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండిన గుడ్డతో తుడవొచ్చు. ఒక్క చుక్క కర్ర మీద పడినా వార్నిష్ పోతుంది, కాబట్టి కర్రకు ప్లాస్టిక్ కాగితం చుట్టి చేయాలి. వెంట్రుక తెగితే లాగి పీకకుండా రెండు చివర్లా కత్తెరతో కత్తిరించాలి, లాగితే ముడి వదులవుతుంది. కమాను కొద్దిగా వాలి ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఒక అంచే ముందు తెగుతుంది. ముప్పై నలభై తెగాక కూడా అలాగే వాడితే మిగిలిన వెంట్రుకల వైపు కర్ర వంకరపోతుంది.

అన్ని కమాన్లకూ ఈ ఖర్చు పెట్టడం తగినదని అనం. కర్రను కంటి దగ్గర పెట్టుకుని ఫ్రాగ్ వైపు నుంచి కొన వైపు చూడండి. పక్కకు వంకర లేకుండా తిన్నగా ఉండి, మర వదిలినప్పుడు నడుమ వెంట్రుకకు దగ్గరగా వచ్చేంత ఒంపు ఉంటే ఆ కమాను నిలబడుతుంది. కొనలో చీలిక ఉన్నా, మర తిప్పితే జారుతున్నా ముందు ఆ సంగతి చూడాలి. వయొలిన్‌తోపాటు ఉచితంగా వచ్చే అతి చవక కమాన్లకు వెంట్రుక మార్చే కూలీ, కొత్త కమాను ధర దాదాపు ఒకటే పడతాయి. వాటిని నేర్చుకునే చేతులకు ప్రయోగం కోసం ఇవ్వండి.

ఇప్పుడు చాలామంది ఈ పని కోసం వరంగల్ నుంచి హైదరాబాద్‌కో చెన్నైకో పంపుతున్నారు. పంపేవాళ్లు మర వదిలి, రెండంగుళాల పీవీసీ పైపులో కమానును గుడ్డ చుట్టి పెట్టి, రెండు మూతలూ బిగించి పంపండి. అట్టపెట్టెలో పంపిన కమాన్లు కొన విరిగి చేరడం మామూలైపోయింది. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్‌ను తెచ్చిన బాలుస్వామి దీక్షితర్ కాలం నుంచి రెండు వందల ఏళ్లుగా మన సంగీతంలో ఉన్న వాద్యం ఇది. వరంగల్‌లో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, ఏటా కొత్త పిల్లలు వయొలిన్ పడుతున్నారు. వాయించడం నేర్పే గురువులు ఉన్నారు గానీ వాద్యం నిలబెట్టే చేతులు చాలినన్ని లేవు. రెండు సన్న ఉలులు, ఒక కత్తి, స్పిరిట్ దీపం, లోహపు దువ్వెన, కమానును పట్టి ఉంచే చిన్న చెక్క చట్రం ఉంటే పని మొదలవుతుంది. పెట్టుబడి అంతా వెంట్రుకల కట్టలకే. వాటిని కళాశాల తరఫున ఒకేసారి తెప్పిస్తే విడివిడిగా కొనేదానికన్నా తక్కువ పడుతుంది, రకమూ పరీక్షించి తీసుకోవచ్చు.

భాషా సాంస్కృతిక శాఖ వరంగల్‌లో సన్నపని తెలిసిన వడ్రంగులు నలుగురైదుగురికి శిక్షణ ఇప్పించాలని కోరుతున్నాం. సంగీతం తెలిసినవాళ్లే కావాలని పట్టుబట్టొద్దు. బిరడా చెక్కగల చేయి ముఖ్యం, నాదం సరిచూడటానికి కళాశాల విద్యార్థులు పక్కనే ఉంటారు. ఒకే విడత పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చి పంపేస్తే మాత్రం ప్రయోజనం సగమే. ఆగస్టులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి అదే మనుషులతో పెట్టండి. ముసురులో కట్టిన కమానును ఎండల్లో వాళ్ల చేతికే ఇచ్చి, వెంట్రుక ఎంత కురచైందో స్కేలు పెట్టి కొలిపించండి.

ఇట్లు,
వాద్యాల మరమ్మతు పనివారు,
మట్టెవాడ, వరంగల్.